కేకు మీద చెర్రీ... కంచె మీద వాక్కాయ!

పుట్టినరోజు కేకు కోయగానే పిల్లలు ముందుగా పోటీపడేది దానిమీద ఎర్రగా మెరిసే చెర్రీ కోసమే. అదేదో చల్లటి కొండల్లోంచి వచ్చిన పండనుకుంటాం. చాలాసార్లు అది మన పొలం గట్టుమీది ముళ్లపొదలో కాసిన వాక్కాయ! ఒకప్పుడు కంచెగా నిలబడి పంటను కాసి, వానాకాలం వస్తే వంటింట్లో చింతపండుకు సెలవిప్పించిన కాయ అది. ఇప్పుడు రంగు పూసుకుని, పేరు మార్చుకుని మన ముందుకొస్తోంది.

బేకరీ అద్దాల అరలో వరసగా పేర్చిన కేకుల్ని ఓసారి చూడండి. తెల్లటి క్రీము మీద ఎర్రటి చెర్రీ. ఐస్‌క్రీమ్ కప్పు మీద అదే. మీఠాపాన్‌కు గుచ్చిన పుల్ల చివర అదే. పెళ్లి విందులో ఫ్రూట్ సలాడ్‌లోనూ అదే. వీధికో బేకరీ ఉన్న ఈ రోజుల్లో ఇన్ని చెర్రీలు ఎక్కడ పండుతున్నాయి?

అసలు చెర్రీ చెట్టుకు చలి కావాలి. శీతకాలమంతా వణికించే చలిలో ఆకులు రాల్చుకుని నిద్రపోతేనే వసంతంలో అది పూస్తుంది. మన దేశంలో కశ్మీరు, హిమాచల్ ప్రదేశ్ లాంటి కొండ ప్రాంతాల్లోనే పండుతుంది. అదీ వేసవిలో కొద్ది వారాలు మాత్రమే. కోశాక ఎక్కువ రోజులు నిలవ ఉండదు, ధరా ఎక్కువే. బేకరీలకేమో ఏడాది పొడవునా కావాలి, చవగ్గా కావాలి. గుండ్రంగా, చెర్రీ అంత సైజులో ఉండాలి. పాకంలో ఎన్నాళ్లు నానినా చితికిపోకూడదు. ఈ పరీక్షలన్నిట్లోనూ నెగ్గింది వాక్కాయ.

దాన్ని చెర్రీగా మార్చే పద్ధతి ఆసక్తిగా ఉంటుంది. పండకముందే, గట్టిగా ఉన్నప్పుడే కాయను కోస్తారు. గాటు పెట్టి గింజలు తీసేస్తారు. ఉప్పునీళ్లలో ఊరబెడతారు. దాంతో పులుపు, వగరు, జిగురు చాలావరకు పోతాయి. కాయకున్న సొంత రంగును కూడా గంధకం కలిసిన లవణాలతో పోగొడతారు. ఆ తర్వాత శుభ్రంగా కడిగి, ఉడికించి, ఎర్రరంగు పట్టించి, చక్కెర పాకంలో వేస్తారు. ఒక్కసారే ముదురు పాకంలో వేస్తే కాయలోని నీరంతా బయటికొచ్చి ముడతలు పడిపోతుంది. అందుకే ముందు పల్చటి పాకం, మర్నాడు కాస్త చిక్కన, ఆ మర్నాడు ఇంకాస్త... అలా కొన్ని రోజులకు చక్కెర కాయ లోపలిదాకా ఇంకుతుంది. వాక్కాయ కాస్తా చెర్రీ అయిపోతుంది.

ఇదేమీ రహస్యం కాదు. ప్యాకెట్ వెనక సన్నటి అక్షరాలు చదివే ఓపిక ఉంటే ‘కరోందా’ అన్న మాట చాలా వాటిమీద కనిపిస్తుంది. అది వాక్కాయకు హిందీ పేరు. (కేకులో రంగురంగుల టూటీఫ్రూటీ ముక్కలుంటాయే, అవి పచ్చి బొప్పాయివి. ఆ కథ మరోసారి.)

ఆలోచించాల్సింది రంగు గురించి. ఈ చెర్రీలకు ఎక్కువగా వాడే ఎరుపు పేరు ఎరిత్రోసిన్. మన ఆహార నిబంధనల్లో, పరిమితికి లోబడి వాడుకోదగ్గ కృత్రిమ రంగుల జాబితాలో అది ఉంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ మాత్రం 2025 జనవరిలో ఆ రంగుకు అనుమతి రద్దు చేసింది. ఆహార కంపెనీలు దాన్ని మానుకోవడానికి 2027 జనవరి దాకా గడువిచ్చింది. ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు మగ ఎలుకల్లో థైరాయిడ్ కణుతులు కనిపించడమే కారణం. జంతువుల్లోనైనా సరే, క్యాన్సర్ తెచ్చిన రంగును ఆహారంలోకి రానివ్వకూడదని అక్కడి చట్టం. ఎలుకల్లో జరిగిన తీరు మనుషుల్లో కనిపించలేదని కూడా ఆ సంస్థే చెప్పింది. కాబట్టి ఏడాదికోసారి తినే ఒక చెర్రీని చూసి భయపడక్కర్లేదు. కాకపోతే చిత్రం చూడండి... చెట్టుమీద వదిలేస్తే తనంతట తానే ఎర్రబడే కాయ ఇది. దాని రంగు తీసేసి, పులుపు తీసేసి, రుచి తీసేసి, పైనుంచి ఇంకో ఎరుపు పూసి, చక్కెర నింపి మనం పిల్లలకు ఇస్తున్నాం. అసలు వాక్కాయను చేతిలో పెడితే ఆ పిల్లల్లో ఎంతమంది పేరు చెప్పగలరు?

గన్నేరుకు చుట్టం

వాక్కాయ శాస్త్రీయ నామం కరిస్సా కరండాస్. మొక్కలకు పేర్లు పెట్టడంలో ఆద్యుడైన లిన్నేయస్ 1767లో దీన్ని తన పుస్తకంలోకి ఎక్కించాడు. గన్నేరు, నందివర్ధనం, బిళ్లగన్నేరు... వీటన్నిటిదీ ఒకటే కుటుంబం. ఆకు తుంచినా, కాయ కోసినా తెల్లటి పాలు కారడం ఆ కుటుంబ లక్షణం. చుట్టాల్లో విషపు మొక్కలు లేకపోలేదు. గన్నేరు సంగతి మనకు తెలిసిందే. వాక్కాయ మాత్రం తినడానికి పనికొచ్చే మంచి బిడ్డ.

ఏడాది పొడవునా పచ్చగా ఉండే పొద ఇది. మామూలుగా ఏడెనిమిది అడుగుల ఎత్తు పెరుగుతుంది. వదిలేస్తే ఇంకా పైకి పాకుతుంది. గట్టి ముళ్లు జంటలుగా వస్తాయి, కొన్ని చివర్లో రెండుగా చీలి ఉంటాయి. జాజిపూలను తలపించే తెల్లటి పూలు గుత్తులుగా పూస్తాయి, సువాసన కూడా ఉంటుంది. మాఘ ఫాల్గుణాల్లో పూత మొదలైతే తొలకరి నాటికి కాయ చేతికొస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా రైతుబజార్లలో, సంతల్లో కుప్పలు పోసి అమ్ముతుంటారు. కొన్ని పొదల కాయ ఆకుపచ్చ మీద గులాబీ రంగు పూసినట్టు ఉంటుంది. కొన్నిటిది తెలుపు మీద ఎరుపు. పండేకొద్దీ ముదురెరుపై, ఊదాగా మారి, చివరికి నేరేడు పండులా నల్లబడుతుంది.

ఊరు మారితే పేరు మారుతుంది. కోస్తాలో వాక్కాయ. రాయలసీమలో కలివి పండ్లు, తెలంగాణ పల్లెల్లో కలేపండ్లు అని పిలిచేది ఎక్కువగా దీని అడవి చెల్లెల్ని. చిట్టి పొద, చిన్న కాయ. పండితే నల్లగా, తియ్యగా ఉంటుంది. గొర్లకాపరులకు, బడి ఎగ్గొట్టిన పిల్లలకు అదే ఫలహారం. తమిళులు కళాక్కాయ్ అంటారు, బెంగాలీలు కరమ్‌చా అంటారు. మరాఠీలు కరవంద అని పిలుచుకునే కొండజాతి నల్లపండ్లను వేసవిలో ఆకుదొన్నెల్లో పోసి, ‘కొండల్లోని నల్ల మైనా’ అని ముద్దుపేరుతో అమ్ముకుంటారు.

ఇంగ్లిషులో దీనికున్న పేర్లలో ఒకటి బెంగాల్ కరెంట్. ఇంట్లో పోయే కరెంటు కాదులెండి! యూరప్ పెరళ్లలో రెడ్ కరెంట్ అనే పొద ఉంటుంది. ద్రాక్షగుత్తిలా వేలాడే ఎర్రటి పుల్లటి చిట్టి పండ్లు కాస్తుంది. వాటితో చేసిన జెల్లీ లేకుండా అక్కడ వేటమాంసం వడ్డించరు. ఆ మొక్కకూ చెర్రీలాగే చలి కావాలి. మన మైదానాల్లో బతకదు. ఇక్కడి ఇంగ్లిషువాళ్ల ఇళ్లలో ఆ లోటు తీర్చింది వాక్కాయే. పుల్లగా ఉంటుంది, ఎర్రగా ఉంటుంది, జెల్లీ చక్కగా గడ్డకడుతుంది. ఇంకేం కావాలి!

ముళ్లే పెట్టుబడి

వాక్కాయను మన పెద్దలు తోటలో పెంచలేదు, గట్టుమీద పెంచారు. పశువు లోపలికి దూరకూడదు, దొంగ చెయ్యి పెట్టకూడదు. రెండు మూడేళ్లు ఓపిక పడితే కోడిపిల్ల కూడా దూరలేనంత దట్టంగా అల్లుకుంటుంది. ఎరువు అడగదు. మందు అడగదు. ఎండను ఓర్చుకుంటుంది, చవిటి నేలనూ రాళ్ల నేలనూ ఓర్చుకుంటుంది. పైగా ఏటా కాయ ఇస్తుంది. కాపలాదారు జీతం పుచ్చుకోకుండా తనే మనకు ఎదురు ఇవ్వడం అంటే ఇదే.

ముళ్లకంచె బలమేమిటో తెల్లదొరలకూ తెలుసు. చరిత్రలో దానికో పెద్ద సాక్ష్యముంది. 19వ శతాబ్దంలో ఉప్పుమీద పన్ను ప్రాంతానికో తీరుగా ఉండేది. పన్ను తక్కువున్న చోటునుంచి ఎక్కువున్న చోటికి ఉప్పు దొంగచాటుగా తరలిపోకుండా బ్రిటిష్ ప్రభుత్వం సింధునది దగ్గర్నుంచి ఒరిస్సాలో మహానది దాకా సుమారు 4 వేల కిలోమీటర్ల సుంకాల సరిహద్దు గీసింది. దాని వెంబడి చాలా దూరం ఏకంగా ప్రాణమున్న కంచెనే నాటించింది. అనువైన చోట్ల 12 అడుగుల ఎత్తు, 14 అడుగుల మందం! తుమ్మ, రేగు, నాగజెముడులతోపాటు ఆ గోడలో వాక్కాయ కూడా ఉంది. దాన్ని కాయడానికి పన్నెండు వేల మందికి పైగా సిబ్బంది. 1867 నుంచి మూడేళ్లపాటు ఆ సుంకాల శాఖకు కమిషనర్‌గా ఉండి, ఎండుకంపల స్థానంలో పచ్చటి కంచె పెంచడానికి నడుం కట్టింది అలెన్ ఆక్టేవియన్ హ్యూమ్. అవును, 1885లో భారత జాతీయ కాంగ్రెస్ పుట్టుకకు కారకుడైన హ్యూమే. పేదవాడి ఉప్పుకు అడ్డంగా ముళ్లు నాటించిన చేతులే తర్వాత ఆ పని చేశాయి! 1879లో ఆ సరిహద్దును ఎత్తేశారు. కంచె కూడా కనుమరుగైపోయింది. బ్రిటన్‌కు చెందిన రాయ్ మాక్స్‌హామ్ ఆనవాళ్లు వెతుక్కుంటూ మన దేశమంతా తిరిగి 2001లో పుస్తకం రాసేదాకా దాని సంగతి దాదాపు అందరూ మర్చిపోయారు.

మన గట్లమీది కంచెలకు అంత చరిత్ర లేదు. అవి పోయిన తీరు మాత్రం అలాంటిదే. ఎవరూ పనిగట్టుకుని కొట్టేయాలనుకోలేదు. పొలాలు అన్నదమ్ముల మధ్య ముక్కలయ్యాక రెండు గజాల వెడల్పు పొదకు చోటివ్వడం దండగనిపించింది. ట్రాక్టరు తిరగడానికి గట్టు అడ్డమైంది. రాతిస్తంభాలు, ఇనుపతీగ ఒక్కరోజులో వేసెయ్యొచ్చు. పొలం ప్లాట్లయితే ప్రహరీగోడ. ఊళ్లో దడి ఉన్నచోట ఇప్పుడు సిమెంటు ఇటుక. ఇలా ఒక్కో కంచే పోయింది. దాంతోపాటు ఎవరూ లెక్క రాసుకోనిది ఇంకొకటీ పోయింది. కంచె కాయకు ధర లేదు. పొలం ఎవరిదైనా కాయ కోసుకోవడానికి ఎవరూ అడ్డుచెప్పేవారు కాదు. కూలికెళ్లి వచ్చే ఆడవాళ్లు కొంగులో నాలుగు గుప్పెళ్లు వేసుకొస్తే ఆ పూటకు పులుపు కొనే పని ఉండేది కాదు. ఇనుపతీగ పశువును ఆపుతుంది గానీ, పప్పులోకి కాయ ఇవ్వదు కదా!

మనుషులకే కాదు, ఈ పొదల అవసరం ఉన్న మరో ప్రాణి మన దగ్గరే ఉంది. కలివికోడి. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టే దానికా పేరు. పొడుగుకాళ్ల చిన్న పక్షి. పగలు కదలదు, రాత్రిళ్లు తిరుగుతుంది. 1848లో శాస్త్రవేత్తలు దీన్ని లోకానికి పరిచయం చేశారు. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించేసరికి పక్షి ప్రేమికులంతా ఉలిక్కిపడ్డారు. దానికోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది. తెలుగుగంగ కాలువ దారిని కూడా కాస్త పక్కకు మళ్లించాల్సి వచ్చింది. ఇప్పటికీ అది ప్రపంచంలోని అత్యంత అరుదైన పక్షుల్లో ఒకటి. ఉత్త కంప కదా అని మనం నరికేసే పొద దానికి ఇల్లు. చెట్టులేని ఖాళీ నేలా దానికి పనికిరాదు, చిక్కటి అడవీ పనికిరాదు. మధ్యమధ్య ఖాళీ ఉన్న ముళ్లపొదలే కావాలి.

చింతపండుకు సెలవు

ఇక వంటింట్లోకి వెళ్దాం. వాక్కాయను కొత్తగా చేతిలోకి తీసుకున్నవాళ్లు భయపడేది జిగురుకు. చేతులకు, కత్తికి కాస్త నూనె రాసుకుంటే సరి. కాయల్ని ఉప్పు వేసిన నీళ్లలో కడిగి, నిలువుగా రెండుగా చీల్చి, కత్తి మొనతో గింజల్ని గెంటేయాలి. లేతకాయైతే గింజతోనే వండేసుకోవచ్చు, ముదిరితే మాత్రం నోటికి తగులుతుంది. అల్యూమినియం గిన్నె వద్దు. పులుపుకి గిన్నె రంగు మారుతుంది, కూర రుచీ మారుతుంది. స్టీలుదో మట్టిదో మంచిది.

వాక్కాయ పప్పు చాలామంది చెడగొట్టేది ఒకే ఒక్కచోట. కందిపప్పుతోపాటే కాయల్ని కూడా వేసేస్తారు. పులుపు తగిలితే పప్పు త్వరగా ఉడకదు, పలుకు మిగిలిపోతుంది. పప్పు ముందుగా మెత్తగా ఉడకాలి. గ్లాసు పప్పుకు పది పన్నెండు కాయలు చాలు. చీల్చిన ముక్కలు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పసుపు కొద్దినీళ్లలో అయిదు నిమిషాలు ఉడికించి, ఉప్పు వేసి, ఎనిపిన పప్పులో కలిపేయాలి. ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకుతో తాలింపు. మామిడికాయ పప్పు తిన్నట్టే ఉంటుంది గానీ, ఆఖర్న సన్నటి వగరొకటి నాలుకమీద నిలుస్తుంది. అదే దీని ప్రత్యేకత. మామిడికాయల కాలం వెళ్లిపోయాక ఈ కాయ రావడం కూడా బాగా కుదిరింది.

పులిహోర చేయాలంటే గింజ తీసిన ముక్కల్ని పచ్చిమిర్చితో కచ్చాపచ్చాగా దంచుకోవాలి. నూనెలో శనగపప్పు, మినప్పప్పు, పల్లీలు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేగాక ఈ ముద్ద, పసుపు వేసి నూనె పైకి తేలేదాకా మగ్గనివ్వాలి. చల్లారిన అన్నంలో ఉప్పు చూసుకుని కలపడమే. చింతపండు గుజ్జులా నల్లబడదు, అన్నం లేత పసుపుగా ఉంటుంది. పొద్దున చేసింది సాయంత్రం తింటే ఇంకా బాగుంటుంది.

రోటి పచ్చడికైతే కొబ్బరి దీనికి సరిజోడు. కాయ పులుపును కొబ్బరి తీపి చక్కగా కట్టేస్తుంది. నూనెలో మగ్గించిన వాక్కాయ ముక్కలు, వేయించిన పచ్చిమిర్చి, గుప్పెడు పచ్చికొబ్బరి, ఉప్పు, చిటికెడు బెల్లం. కొబ్బరి లేకపోతే వేయించిన నువ్వులు. ఏడాదికి సరిపడా ఊరగాయ పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఆవకాయ పద్ధతే, తడి తగలకూడదన్న నియమమూ అదే. కాయల్ని కడిగి, గుడ్డమీద ఆరబెట్టి, గింజలు తీసి ఆవపిండి, కారం, ఉప్పు, కాస్త మెంతిపొడి, నువ్వులనూనె కలపాలి. మాంసాహారులు రొయ్యల్లో, మేకమాంసంలో దించేముందు నాలుగు చీలికలు వేస్తారు. ముందే వేస్తే పులుపు కూరంతా పరుచుకుని మసాలా వాసన చచ్చిపోతుంది.

జెల్లీకి బజార్నుంచి పెక్టిన్ పొడి తెచ్చుకునే అవసరమే లేదు. గడ్డకట్టించే గుణం కాయలోనే ఉంది. సగం పండినవి ఎక్కువ, బాగా ఎర్రబడినవి కొన్ని తీసుకుని, మునిగేంత నీళ్లు పోసి మెత్తగా ఉడికించాలి. పల్చటి గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే రసం దానంతటదే కారుతుంది. తొందరపడి పిండితే జెల్లీ మసగ్గా తయారవుతుంది. గ్లాసు రసానికి ముప్పావు నుంచి గ్లాసు చక్కెర. పెద్దమంట మీద మరిగిస్తూ, చల్లటి పళ్లెంలో చుక్క వేసి చూడాలి. వేలితో తోస్తే ముడతపడితే దించేయొచ్చు. మాణిక్యంలా ఎర్రటి జెల్లీ. ఇందులో ఒక్క చుక్క రంగు కలపలేదని గుర్తుంచుకోండి!

చెర్రీ కూడా ఇంట్లో చేసుకోవచ్చు. ఎర్రబడుతున్న గట్టికాయల్ని చీల్చి గింజలు తీసి, ఒకరోజు ఉప్పునీళ్లలో ఉంచి, రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడిగి, కొద్దిగా ఉడికించాలి. ఆపైన బేకరీవాళ్ల పద్ధతే... పల్చటి పాకంతో మొదలుపెట్టి నాలుగైదు రోజులపాటు రోజూ పాకాన్ని కాస్త చిక్కబరుస్తూ వెళ్లాలి. చెంచాడు బీట్‌రూట్ రసం కలిపితే రంగు బాగుంటుంది. దుకాణం చెర్రీ అంత మెరుపు రాదు. దానికి బదులు చిన్న పులుపు మిగులుతుంది, అది కేకు తీపికి బాగా నప్పుతుంది. చక్కెర అయితే అందులోనూ ఉంటుంది. ఆరోగ్యం పేరుతో గిన్నెడు తినకూడదు.

ఆరోగ్యం అంటే గుర్తొచ్చింది. సంస్కృతంలో వాక్కాయ పేరు కరమర్ద. చరకసంహితలో ‘హృద్య’ వర్గం కింద చెప్పిన పదింటిలో మామిడి, అంబాళం, రేగు, దానిమ్మ, మాదీఫలం వంటివాటితోపాటు ఇదీ ఉంది. అన్నీ పుల్లటివే. అలాగని గుండెజబ్బుకు మందని అర్థం కాదు, మనసుకు హితవైనవని కూడా ఆ మాటకు అర్థముంది. సి విటమిన్, ఇనుము ఇందులో ఉన్నాయన్నది నిజమే. రక్తహీనతకు డాక్టరిచ్చిన మాత్రలు మానేసి వాక్కాయ తింటే చాలనుకోవడం మాత్రం పొరపాటు. కడుపులో మంట, పుండ్లు ఉన్నవాళ్లు తగ్గించుకోవాలి. వేరు, బెరడు, ఆకులతో సొంతవైద్యం జోలికి అసలు పోవద్దు. గన్నేరు చుట్టరికం మర్చిపోకూడదు కదా.

కంచె కావాలా? కాయ కావాలా?

పొలం ఉన్నవాళ్లు తొలకరి పడగానే నాటుకోవచ్చు. కంచెకైతే అడుగున్నర లోతు కాలువ తవ్వి, పశువుల ఎరువు కలిపిన మట్టి నింపి, రెండు నుంచి మూడు అడుగుల దూరంలో ఒక్కో మొక్క. రెండు వరసలు ఎదురెదురుగా కాకుండా ఒకదాని సందులో ఒకటి వచ్చేలా పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది. అడవిపందుల బెడద ఉన్న ఊళ్లలో పొలం చుట్టూ ఇలాంటి జీవకంచె వేసుకోమని వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా సూచిస్తుంటారు. తోటగా వేయాలనుకుంటే మూడు మీటర్లకో మొక్క, ఎకరాకు నాలుగు వందల యాభై దాకా పడతాయి. మొదటి రెండు వేసవుల్లో నీళ్లు పెట్టాలి. ఆ తర్వాత దాని బతుకు అది బతుకుతుంది. నీళ్లు నిలిచే పల్లపునేల ఒక్కటే దీనికి పడనిది.

రకాలూ ఉన్నాయి. ఉత్తరాఖండ్‌లోని పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ‘పంత్ మనోహర్’, ‘పంత్ సుదర్శన్’, ‘పంత్ సువర్ణ’ రకాల్ని విడుదల చేసింది. మహారాష్ట్రలోని దాపోలి వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన ‘కొంకణ్ బోల్డ్’ కాయ పెద్దది. మంచి రకమే కావాలంటే అంటు మొక్క తీసుకోవాలి, గింజ మొక్క తల్లి గుణాన్ని అచ్చంగా పట్టుకురాదు. గింజ మొక్కలు సాధారణంగా మూడో ఏట నుంచి కాస్తాయి. ఎదిగిన పొదకు మూడు నాలుగు కిలోలు వస్తాయి, బాగా చూసుకుంటే అంతకు మించి కూడా.

ఎకరాకు లక్షలు అని ఊరించే మాటలు మాత్రం నమ్మకండి. కాయ ఒక్కసారే పక్వానికి రాదు, రెండు మూడు విడతలుగా కోయాలి. ముళ్లలో చెయ్యిపెట్టి కోసే కూలీ దొరకడం తేలిక కాదు. పచ్చికాయ వారం రోజులు ఆగుతుంది, పండితే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. కొనే చెర్రీ తయారీదారుడో, ఊరగాయ పెట్టే మహిళా సంఘమో దగ్గర్లో ఉన్నాకే తోట గురించి ఆలోచించాలి. కంచెగా అయితే ఆ బెంగ లేదు. కాయ అమ్ముడుపోకపోయినా కంచె పని కంచె చేస్తుంది.

కత్తిరింపులో ఒక కిటుకుంది. పూత కొమ్మల చివర్లలోనే వస్తుంది. అందం కోసం పుష్యమాసంలో కంచెను నున్నగా కత్తిరించేస్తే ఆ ఏడాది కాయ మీద ఆశ వదులుకోవాల్సిందే. కోతలన్నీ అయ్యాక, సెప్టెంబరు అక్టోబరుల్లో కత్తిరిస్తే కొత్త చిగుళ్లకు సమయం దొరుకుతుంది. దారివైపు కత్తిరించి, పొలంవైపు వదిలేసుకునేవాళ్లు తెలివైనవాళ్లు. కంచెకు కంచె, కాయకు కాయ.

అపార్ట్‌మెంట్ వాళ్లకూ దారుంది. అడుగున్నర వెడల్పు కుండీ, రోజంతా ఎండ తగిలే మేడ. అంతే. కుండీలో చిన్నగానే పెరుగుతుంది, పప్పుకు పచ్చడికి సరిపడా కాస్తుంది. పిల్లలు ఆడుకునే దారిలో మాత్రం పెట్టొద్దు. ముల్లు గుచ్చుకుంటే నొప్పి ఒక పట్టాన వదలదు.

మొక్క కొనక్కర్లేదు, గింజతోనే మొదలుపెడతామంటారా? పప్పులో వేసిన పచ్చికాయల గింజలు పనికిరావు. అమ్మే ఆవిణ్నడిగి నల్లగా పండిన కాయలు నాలుగు విడిగా తీసుకోండి. తినేసి, గింజల జిగురు పోయేలా కడిగి, నీడన ఒకరోజు ఆరనిచ్చి వెంటనే విత్తండి. వచ్చే ఏడాదికి దాచుకుందామంటే కుదరదు, ఈ గింజకు మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. ఇసుక, ఎరువు, మట్టి సమంగా కలిపిన సంచుల్లో అర అంగుళం లోతున పెడితే చాలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో విత్తినవి మరుసటి తొలకరికి ముళ్లు తేలి నాటడానికి సిద్ధంగా ఉంటాయి.